వాగుకు ఇటో చౌకీ, అటో చౌకీ

ఖాఖర్డా
1947 సెప్టెంబరు 18

చిరంజీవి చంద్రవిద్యకు అక్క హరసుఖగౌరి ఆశీస్సులు. జయ హాటకేశ.

నువ్వు పంపిన బెల్లం అందింది. గాజులమ్మే రూపా తన గాజుల మలారం అడుగున దాచి తెచ్చింది. వాగు దగ్గర మీ బావగారే స్వయంగా ఆపి, "ఏముంది అందులో?" అన్నారట. "గాజులు దొరా. మీకు రెండు తొడగమంటారా?" అందట రూపా. సుంకం చౌకీకి పెద్ద దరోగా అయిన మనిషి రెండడుగులు వెనక్కి వేశారట. ఆ బెల్లంతోనే సాయంత్రం సుఖడీ చేసి పెట్టాను. నాలుగు ముక్కలు తిని, "చూశావా, మన ఖాఖర్డా బెల్లం రుచే వేరు. ఆ ధోళీవావ్ వాళ్లకు ఇలాంటిది ఏడు జన్మలెత్తినా దొరకదు" అన్నారు. నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాను. వెంటనే తులసి కషాయం కాచి, ముక్కు పట్టుకుని మరీ తాగించారు. నీ బెల్లం ఆయనకి, కషాయం నాకు.

స్వతంత్రం వచ్చి నెల దాటింది కదా, మా కోట మీద జెండా ఎలా ఎగిరిందో రూపా చెప్పిందా? ఉన్నది ఒకటే కర్ర. కొత్త జెండా ఎక్కాలంటే మా రాజు ఠాకూరుగారి జెండా దిగాలి. దించనని ఆయన పట్టుబట్టారు. చివరికి ఒకే తాడుకు రెండూ కట్టారు. గాలి రాగానే రెండూ మెలిపడి ఉండచుట్టుకుపోయాయి. ఠాకూరుగారు కింద నిలబడి దేనికి నమస్కారం పెట్టారో ఆయనకే తెలియాలి.

ఇక అసలు సంగతి. మా హంసా పెళ్లి కుదిరింది. వసంత పంచమికి ముహూర్తం. మనకు అన్నదమ్ములు లేరు. మేనమామ తేవలసిన తెల్లపట్టు పానేతర్ చీర మీ ఇంటి నుంచే రావాలి. ఛేల్‌శంకర్ మరిదిగారు మేనమామ స్థానంలో స్వయంగా తీసుకురావాలి. రాజ్యాలు రెండైనా మన ఇళ్ల మధ్య కోసున్నర దూరమే. మా మేడ ఎక్కితే మీ ఊరి గుడి జెండా కనిపిస్తుంది. అయినా నిన్ను చూసి ఐదేళ్లయింది, అదీ భావ్‌నగర్‌లో అమ్మ పోయినప్పుడు. పదకొండేళ్ల కిందటి గుర్రం సంగతి ఇక వదిలెయ్యమని మరిదిగారితో నెమ్మదిగా చెప్పు.

నీ అక్క,
హరసుఖగౌరి


ధోళీవావ్
1947 అక్టోబరు 3

అక్కకు చందూ నమస్కారాలు.

గుర్రం సంగతి వదిలెయ్యమని నెమ్మదిగానే చెప్పాను. లేచి వెళ్లి పెట్టె తెరిచి, రసీదు తీసుకొచ్చి నా ముందు పరిచారు. పసుపు పచ్చగా మారిపోయింది కానీ బావగారి ముత్యాల్లాంటి అక్షరాలు చెక్కుచెదరలేదు. "గుర్రం ఒకటి. దాని మీద సామాను ఒకటి."

"ఆ సామాను నేను!" అని మొదలుపెట్టారు. నన్ను పెళ్లి చేసుకోవడానికి భావ్‌నగర్ వెళుతూ మీ వాగు దాటిన వైనం పదకొండేళ్లలో వెయ్యిసార్లు విన్నాను. "వరుడికి మా పుస్తకంలో గడి లేదండీ, గుర్రానికి ఉంది, సామానుకు ఉంది" అన్నారట బావగారు. బాజావాళ్లు కూడా వాయించడం ఆపి నవ్వారట. "ఆయన కూడా ఆ ఇంటి అల్లుడే కదా! కాబోయే తోడల్లుణ్ణి సామాను అంటాడా? ఆ మాట కొట్టేసేదాకా నేను ఆ గట్టు తొక్కను" అన్నారు. ఈయన మాత్రం తక్కువా, ఇటుపక్క చౌకీకి దరోగానే కదా. మీ ఊరి బండి వస్తే చక్రాలు కూడా విప్పించి చూస్తారు.

అయితే హంసా పేరు ఎత్తగానే మెత్తబడ్డారు. "ఆ పిల్ల ఎంతుంది ఇప్పుడు?" అన్నారు. "నా అంత ఎత్తు అయిందట" అన్నాను. ఆ మర్నాటి నుంచి తలుపేసుకుని రాజ్‌కోట్‌కు ఏదో అర్జీ రాస్తున్నారు. ఏమిటని అడిగితే "దర్బారు పని" అంటారు.

పానేతర్ జామ్‌నగర్‌లో నేయిస్తున్నాను. ఈయన మేనమామగా వచ్చినా రాకపోయినా చీర మాత్రం రూపా మలారంలో వస్తుంది. నువ్వు కిందటేడు పంపిన ఊదారంగు శాలువా మా ఆయన చలికాలమంతా దింపలేదు. అది ఎవరిదో నేను చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

నీ చందూ


ఖాఖర్డా
1947 నవంబరు 25

చందూకు ఆశీస్సులు.

జునాగఢ్ గొడవ ముగిసిందని మీ ఊరికీ తెలిసే ఉంటుంది. ఇక్కడ ఎవరి నోట విన్నా ఒకటే మాట. మన కాఠియావాడ్‌లో ఉన్న రెండు వందల పైచిలుకు సంస్థానాలనూ కలిపి ఒక్కటి చేస్తారట. మీ బావగారు నిద్రలో కూడా లెక్కపెడుతున్నారు. ఈ చౌకీ లేకపోతే ఖాఖర్డా ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ అయిపోతుందో మనుషులకెలా తెలుస్తుందని ఆయన దిగులు.

"పశువులకు తెలియదు కదా, అవి బతకడం లేదా?" అన్నాను. మూడు రోజులు భోజనం చౌకీకే తెప్పించుకున్నారు.

మన ఠాకూర్లిద్దరి ముత్తాతలూ అన్నదమ్ములే కదా. ఒక పొలం గట్టు మీద పేచీ వచ్చి కత్తులు దూశారు. ఇంకో ఏడాది ఆగితే ఎవరో ఒకరు గెలిచి అంతా ఒకటే ఊరయ్యేది. సరిగ్గా అప్పుడే తెల్లవాడు వచ్చి, "ఎవరు ఎక్కడ కూర్చున్నారో అక్కడే ఉండండి" అని గీత గీశాడు. వాళ్లు నూట నలభై ఏళ్లుగా లేవనే లేదు. మధ్యలో ఉన్న వాగుకు చెరో పక్కా చౌకీ మాత్రం లేచింది.

ఈ మాట అన్నందుకు మీ బావగారు నన్ను కోప్పడలేదు. పైగా ఆలోచించి, ఒక వింత మాట చెప్పారు. "ఆ గీతల మీద దావాలు వేయడానికి అందరమూ రాజ్‌కోట్ వెళ్లేవాళ్లం. అన్ని సంస్థానాల గుమాస్తాలూ ఒకే ధర్మశాలలో పడుకుని, ఒకే వంటవాడి నీళ్ల పప్పు తిని, ఒకే దొరను తిట్టుకునేవాళ్లం. కొట్లాడటానికి వెళ్లి చుట్టాలమై తిరిగొచ్చేవాళ్లం. కలిసిపోవడం ఎప్పుడో ఆ పప్పు దగ్గరే మొదలైంది." అన్నాక, తానేదో రాజద్రోహం మాట్లాడినట్టు అటూ ఇటూ చూసుకున్నారు.

ఇప్పుడు నన్ను తిట్టకు. మాటల్లో మాటగా, మరిదిగారు రాజ్‌కోట్‌కు అర్జీ రాస్తున్నారని నోరు జారాను. ఆయన భగ్గుమన్నారు. "తెలిసిందిలే! వాగు మీద ఒక్క చౌకీయే ఉంచుతారట. ధోళీవావ్ చౌకీనే ఉంచమని రాస్తున్నాడు!" అని తానూ ఒక అర్జీ పంపారు. చౌకీ దగ్గర కాపలా రెట్టింపు చేశారు. మలారాలు కూడా విప్పి చూస్తారట. కాబట్టి నేను చెప్పేదాకా ఏమీ పంపకు. రూపా వచ్చిన వెంటనే ఈ ఉత్తరం ఇచ్చి పంపుతాను.

డిసెంబరు 12

రూపా వచ్చింది. పానేతర్‌తోనే వచ్చింది. పట్టుబడింది.

మలారం విప్పగానే తెల్లపట్టు, ఎర్ర అంచు బయటపడ్డాయట. "ఎవరిదిది?" అని మీ బావగారు గర్జించారు. రూపా మన పేర్లు చెప్పలేదు. "నాదే దొరా" అంది. "పెళ్లికూతురి చీర నీకెందుకు?" అంటే, అరవై ఏళ్ల ముసలమ్మ తల వంచుకుని సిగ్గుపడుతూ, "మళ్లీ చేసుకుంటున్నాను దొరా" అందట. కాపలావాళ్లు నేల మీద పడి నవ్వారట. రూపాను వదిలేశారు. చీరను పెట్టెలో పెట్టి లక్క ముద్ర వేశారు. సొంతదారు తొంభై రోజుల్లో వచ్చి సంతకం పెట్టకపోతే వేలమే.

సాయంత్రం ఇంటికొచ్చి ఎంతో సంతోషంగా, "ఈ రోజు ఎంత గొప్ప పానేతర్ పట్టుకున్నానో తెలుసా! మన హంసాకు ఎవరైనా అలాంటిది తెస్తే బాగుండు" అన్నారు. నేను మింగలేక కక్కలేక వంటింట్లోకి పోయాను. అది మన హంసాదే అంటే, నీ బెల్లం దగ్గర్నుంచి పదకొండేళ్ల దొంగతనం ఒప్పుకోవాలి.

ఏం చెయ్యమంటావో చెప్పు.

అక్క


ధోళీవావ్
1947 డిసెంబరు 20

అక్కకు.

ఏం చెయ్యాలో చెప్పమంటున్నావా? నోరు అదుపులో పెట్టుకో, అదీ చెయ్యవలసింది. నువ్వు నోరు జారకపోతే కాపలా పెరిగేది కాదు, చీర పోయేది కాదు. ఆ ముసలిది మన కోసం ఊరందరి ముందూ పెళ్లికూతురయ్యేది కాదు.

ఇంకో సంగతి. అర్జీ చిత్తుప్రతి ఆయన పరుపు కింద దొరికింది. అందులో చౌకీ ఊసే లేదు. "మేనకోడలి వరుస పిల్ల పెళ్లికి మేనమామ తీసుకెళ్లే కానుక సరుకు కాదు. కావున దానికి రెండు సంస్థానాల్లోనూ సుంకం మినహాయించవలెను" అని ఉంది. పదకొండేళ్ల పంతం కదా, నేరుగా బావగారిని అడగలేక రాజ్‌కోట్ చుట్టూ తిరిగి అడిగారు. దాని మీద బావగారు ఎదురు అర్జీ పెట్టారు. అంటే కన్న కూతురి చీర మీద తండ్రి దావా వేసి, ఆ పైన చీరను కూడా పట్టుకెళ్లాడన్న మాట. ఇంత పని మన ఠాకూర్లు కూడా చెయ్యలేదు.

ఎదురు అర్జీ సంగతి ఈయనకూ తెలిసింది. ఇక పెళ్లికి రానని తేల్చి చెప్పారు. నాకూ మనసు లేదు. కొన్నాళ్లు ఉత్తరాలు రాయకు.

చంద్రవిద్య


ఖాఖర్డా
1948 ఫిబ్రవరి 4

చందూ,

రాయవద్దన్నావు. ఆరు వారాలు రాయలేదు. ఇక ఆగలేను.

కిందటి శుక్రవారం దీపాలు పెట్టే వేళ కోటలో రేడియో చెప్పిన కబురు విని మా ఊళ్లో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. పోరుబందరు దివానుగారి అబ్బాయి, మన కాఠియావాడ్ వాడు, ప్రార్థనకు నడిచి వెళుతుంటే కాల్చేశారట. నేను ఏడుస్తూ వాగు దాకా నడిచాను. చౌకీ కర్ర పైకెత్తి ఉంది, కాపలావాళ్లు లేరు. మీ బావగారు ఒడ్డున తలపాగా తీసి నిలబడ్డారు. అవతలి ఒడ్డున మరిదిగారు. మీ ఊళ్లో రేడియో లేదు కదా. "పుష్కరరాయ్ భాయ్," అని కేకేశారు, "జనం అంటున్నది నిజమేనా?"

పదకొండేళ్లలో అదే మొదటి మాట.

"నిజమే" అన్నారు ఈయన. ఇద్దరూ చీకటి పడేదాకా ఎవరి ఒడ్డున వాళ్లు నిలబడే ఉన్నారు. ఆ రాత్రి చౌకీ కర్ర ఎవరూ దించలేదు.

సోమవారం తాఖీదు వచ్చింది. పదిహేనో తేదీ నుంచి అంతా సౌరాష్ట్ర. మన రెండు చౌకీలూ మూత. పెట్టెలో ఉన్న సరుకంతా జాబితా రాసి రాజ్‌కోట్ పంపాలి. అంటే పానేతర్ కూడా పోతుంది. ఇక లాభం లేదని ఈ ఉదయం నేనే చౌకీకి వెళ్లాను. ఇంటి మాట ఇంట్లో, చౌకీ మాట చౌకీలో అని ఆయనే కదా అంటారు.

"వాంగ్మూలం ఇవ్వడానికొచ్చాను" అన్నాను. ఆయన నా మొహం చూసి, కాగితం తీసుకున్నారు.

"పేరు?"

"మీకు తెలియదా?"

"పేరు!"

"హరసుఖగౌరి."

"భర్త పేరు?"

మొగుడి పేరు నోటితో ఎలా చెప్పను? ఆయన కలం పట్టుకుని చూస్తున్నారు, నేను పైకప్పు చూస్తున్నాను. "గుర్తుంటే మీరే రాసుకోండి" అన్నాను. రాసుకున్నారు.

ఆ పైన బెల్లం చెప్పాను. కిరసనాయిలు, ఏలకులు, హంసా పుట్టినరోజు పరికిణీ, నువ్వు పంపిన జామ్‌నగర్ కాటుక చెప్పాను. తల ఎత్తకుండా రాశారు. మూడు కాగితాలు అయ్యాయి. "ఇంకా?" అంటారు. అమ్మ పోయిన ఏడాది నువ్వు పంపిన నెయ్యి చెప్పాను. "ఇంకా?" నాకు ఏడుపొచ్చింది. తల ఎత్తి చూస్తే ఆయన కళ్లు నవ్వుతున్నాయి! "మరి ఇక్కడి నుంచి అటు ఏం వెళ్లింది?" అన్నారు. "మీ ఊదారంగు శాలువా" అన్నాను. కలం ఆగిపోయింది. "ఆ రోజు ఒడ్డున కప్పుకున్నది అదేనా! నాకెక్కడో చూసినట్టే ఉంది."

చివరికి పానేతర్ సంగతి, మరిదిగారి అర్జీ సంగతి చెప్పాను. కలం కింద పెట్టేశారు. "దాన్ని ఊరికే ఇవ్వలేను, హరసుఖా" అన్నారు. "సొంతదారు తరఫున ఆ రాజ్యపు దరోగా వచ్చి సంతకం పెట్టాలి. అది నియమం." వెంటనే మరిదిగారికి దర్బారు భాషలో ఒక లేఖ రాశారు. అది ఈ ఉత్తరంతో పాటే వస్తోంది. నువ్వు కోపం మాని, ఆయన చేత సరిగ్గా చదివించు.

అక్క


ధోళీవావ్
1948 ఫిబ్రవరి 9

అక్కా,

నీ ఉత్తరం చదివి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ చేశాను. కోపం ఎప్పుడో పోయింది. మళ్లీ రాయమని ముందు నేను అనకూడదని కూర్చున్నాను, అంతే.

బావగారి లేఖ మా ఆయన ఐదుసార్లు చదివారు. "మహారాజశ్రీ ధోళీవావ్ సంస్థాన సుంకాధికారి ఛేల్‌శంకర్‌గారి సముఖమునకు" అన్న చోట ప్రతిసారీ ఆగుతున్నారు. "సముఖమునకు అని రాశాడు, చూశావా!" అంటారు. జవాబు రాయడానికి రెండు రోజులు పట్టింది. అందులో వస్తానని ఒక్క ముక్క ఉంటే, రాననడానికి సాకులు ఒక పేజీ. ఒక దరోగా పరరాజ్యపు చౌకీలో అడుగుపెట్టి సంతకం పెడితే ధోళీవావ్ పరువేం కావాలట! వారం రోజుల్లో అసలు రాజ్యమే ఉండదు కదా అంటే, "ఉన్నన్నాళ్లూ ఉంది కదా" అన్నారు. అదీ నిజమే. మా ఊరి బడి, ధర్మాసుపత్రి పెట్టింది ఈ బుల్లి రాజ్యమే మరి.

చివరికి వాగు మధ్యలో బల్ల వెయ్యమని రాశారు. నీళ్లు లేవు కాబట్టి సరిపోయింది. ఎవరి కుర్చీ వాళ్లే తెచ్చుకోవాలట. పద్నాలుగో తేదీన వస్తున్నారు. తలపాగాకు ఇప్పటికి మూడుసార్లు గంజి పెట్టించారు. శాలువా మాత్రం ఎంత చెప్పినా విప్పనంటున్నారు.

చందూ


ఖాఖర్డా
1948 ఫిబ్రవరి 23

చందూకు దీవెనలు.

పెళ్లి హడావుడిలో మనం కౌగిలించుకుని ఏడవడానికే టైము సరిపోయింది. నువ్వు చూడని భాగం ఇప్పుడు రాస్తున్నాను. నేను చౌకీ కిటికీ సందులోంచి అంతా చూశాను.

ఇద్దరూ బల్లకు చెరో వైపు కూర్చున్నారు. ఈయన ఫారం తీసి చదివారు. "సరుకు సొంతదారు దేశం?"

"ఈ రోజుకు ధోళీవావ్," అన్నారు మరిదిగారు. "రేపు అడిగితే మీదీ మాదీ ఒకటే."

"అయితే రేపే వచ్చి తీసుకెళ్లండి."

"రేపు పెళ్లి కదయ్యా మహానుభావా!"

ఈయన నవ్వారు. కానీ నవ్వినట్టు ఫారంలో రాయలేదు. సాక్షి కావాలన్నారు. దారిన వచ్చేది ఎవరా అని చూస్తే, మలారంతో రూపా. వేలిముద్ర వేయించుకుంటూ, "నీ పెళ్లి ఏమైంది?" అన్నారు. "పెళ్లిపెద్దలిద్దరూ రాజీ పడేదాకా ఆపుకున్నాను దొరా" అంది. ఇద్దరికీ తేలు కుట్టినట్టయింది. ఈయన పెట్టె లక్క ముద్ర పగలగొట్టి పానేతర్ అప్పగించారు.

అప్పుడు మరిదిగారు జేబులోంచి ఆ పాత రసీదు తీసి బల్ల మీద పెట్టారు. ఈయన కళ్లజోడు పెట్టుకుని చదువుకున్నారు. కలం తీసి "సామాను" అన్న మాట కొట్టేసి, పైన "తోడల్లుడు" అని రాసి, తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టారు. ఖాఖర్డా చౌకీ ముద్ర వేయడం అదే ఆఖరు. వేశాక ఆ ముద్రను ఉత్తరీయంతో తుడిచి, గుడ్డలో చుట్టి పెట్టారు చందూ. నలభై ఏళ్లు ఆ గదిలో కూర్చున్న మనిషి. మరిదిగారు అది చూసి, సిరాబుడ్డి మూత పెట్టి ఇచ్చారు.

అక్క


ధోళీవావ్
1948 మార్చి 21

అక్కా,

కొత్త ప్రభుత్వం ఇద్దరినీ రాజ్‌కోట్‌లో తూకాల కచేరీకి వేసిందని విన్నావు కదా. ఒక్కో సంస్థానానిది ఒక్కో శేరు, ఒక్కో మణుగు. అన్నిటినీ కలిపి ఒకటి చెయ్యాలట. ఒకే గది, ఒకే బల్ల. ఖాఖర్డా శేరే అసలైన శేరని బావగారు మొదటి రోజే అన్నారట. "మీ శేరు మా బెల్లాన్ని తూచింది కాబట్టే బరువెక్కింది" అని ఈయన అన్నారట. పెద్దగుమాస్తా చెవుల్లో దూది పెట్టుకుంటున్నాడట.

నువ్వు అక్కడ మనందరికీ ఇల్లు చూశానని రాశావు. ఒక్క వాకిట్లో రెండు కాపురాలా? నాకు భయంగా ఉంది. కోసున్నర దూరంలో ఉంటే నువ్వు ఎంత మంచిదానివో నాకు తెలుసు. గోడ పక్కన ఎలా ఉంటావో తెలియదు.

చందూ


రాజ్‌కోట్
1948 ఏప్రిల్ 6

చందూ,

భయం నాకూ ఉంది. నువ్వు చిన్నప్పుడు నా దువ్వెన తీసుకుని ఎప్పుడూ తిరిగి ఇవ్వలేదు.

ఇల్లు బాగుంది. వాకిలి ఒకటి, బావి ఒకటి, పొయ్యిలు రెండు. ఇల్లుగలాయన వచ్చి, "వాకిలి మధ్యలో తడిక కట్టించమంటారా?" అని అడిగాడు. మన మొగుళ్లిద్దరూ ఒక్కసారే "కట్టించండి" అన్నారు. పదకొండేళ్లలో వాళ్లిద్దరూ మొదటిసారి ఏకమైనది దీని మీదే. ఆ పైన తడిక కర్ర ఎక్కడ పాతాలో కొలవడం మొదలుపెట్టి, జానెడు తేడా వచ్చి, ఇద్దరూ అర్జీలు రాసుకోవడానికి కూర్చున్నారు. నేను వెళ్లి ఆ కర్ర తీసి పొయ్యిలో పెట్టాను. దాని మీదే టీ కాచి ఇద్దరికీ ఇచ్చాను. తాగారు.

ఆదివారం నీకు బండి పంపుతున్నాను. వాగు దగ్గర ఇప్పుడు ఎవరూ లేరు. కర్ర లేదు, కాపలా లేదు, ఏం తెస్తున్నావని అడిగే నాథుడు లేడు. అయినా నువ్వు బట్టల మూట అడుగున ఏదో ఒకటి దాచుకునే వస్తావని నాకు తెలుసు. దాచుకో. నేను వెతుకుతాను.

నీ అక్క